నలభై డిగ్రీలు

ఉదయం ఆరున్నరకి తాళం తీస్తాను.
మా ఐస్‌లాండ్ ఉత్తరపు అంచున
జనవరి చీకటికి లేవాలన్న తొందర లేదు.
ముందు గంధకం వాసన వస్తుంది,
వెనకే మనుషులు.

వేడినీళ్ల తొట్టి ఆరుగురికి.
ఎనిమిదిమంది సర్దుకుంటారు.
ఈత లాగులకి జేబులుండవు కనక
ఎవరి హోదా వాళ్ల బట్టల గదిలో
కొక్కేనికి వేలాడుతుంటుంది.
ఇక్కడ అందరికీ మెడదాకా నీళ్లే.

ఈ వారం తగువు కొండ అవతలి సర్వర్ల షెడ్డు.
"మన ఆవిరి, మన కరెంటు,
ఎవడి ఫోటోలో దాచడానికా?"
గొర్రెల కాపరి స్నాయ్‌బ్యోర్న్.
"నీ మోకాలి స్కాను చదివింది అలాంటి యంత్రమే."
ఫిజిక్స్ టీచరు హల్బెరా.
"చదివితే చదివింది. నొప్పి నాది."
పంచాయతీలో ఓటున్న యోరుండుర్‌ని అడిగితే
ముక్కుదాకా మునుగుతాడు.
బుడగలు వస్తాయి. అదే విధాన ప్రకటన.

అక్కణ్ణుంచి టీకాలకి, టీకాల నుంచి చేపల కోటాకి,
కోటా నుంచి గడియారాలు మార్చాలా వద్దా అన్నదానికి.
స్నాయ్‌బ్యోర్న్ పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు.
హల్బెరా పట్టినదానికి నాలుగుంటాయి,
కాకపోతే ఆవిడ వాటిని అందరిచేతా లెక్కపెట్టిస్తుంది.

"నీళ్లు చల్లారాయి," అన్నాడతను ఒకరోజు.
ఆవిడ తడిచెయ్యెత్తి గోడమీది ముల్లుని చూపించింది.
"నలభై. ఇది అభిప్రాయం కాదు, కొలత."
ఎనిమిది తలలూ అటు తిరిగాయి.
ఆ చలికాలం మొత్తంమీద
వాళ్లందరూ ఒప్పుకున్నది అదొక్కటే.

నేను క్లోరిన్ గొట్టం ఊపుతూ
నా బూట్లవైపు చూసుకున్నాను.

ఆ ముల్లు చచ్చిపోయి మూడు చలికాలాలు.
ఒక గాలివాన రాత్రి నలభై దగ్గర ఆగింది, అంతే.
పంచాయతీకి రెండుసార్లు రాశాను.
పరిశీలనలో ఉంది అన్నారు.
గంటగంటకీ నా చేతి థర్మామీటరు ముంచి
నోటుపుస్తకంలో రాసుకుంటాను.
ముప్ఫై ఎనిమిదిన్నర. నలభై ఒకటి. ముప్ఫై తొమ్మిది.
ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.
అందరూ ఒప్పుకున్న ఒక్కదాన్నీ
పాడుచెయ్యబుద్ధి కాలేదు.

ఫిబ్రవరిలో బావి ఒత్తిడి పడిపోయింది.
ఇళ్లకే ముందు, ఈతకొలను మూసెయ్యండి అని కబురు.
అయినా ఆరున్నరకి వచ్చేశారు.
ఎండిన తొట్టి చుట్టూ కోట్లతో, టోపీలతో నిలబడ్డారు.
యోరుండుర్ కోటుకి పంచాయతీ బిళ్ల ఉందని
నాకు ఆ రోజే తెలిసింది.
మాట సాగలేదు. ఇన్ని గుండీలు పెట్టుకుని
పోట్లాడే అలవాటు ఎవరికీ లేదు.

హల్బెరా గోడవైపు చూసింది.
నీళ్లులేని తొట్టి. పెదవుల మీద మంచు.
నలభై.

"ఎన్నాళ్లుగా?" అంది నాతో.
చెప్పాను.

స్నాయ్‌బ్యోర్న్ ఏమీ అనలేదు.
అనకుండా ఉండటానికి ఆయన పడ్డ పాటు
మీసాల్లో కనిపించింది.

"అయితే నువ్వు చల్లారాయన్న రోజు..." ఆవిడే మొదలుపెట్టింది.
"రోజు కాదు," అన్నాడు. "మంగళవారాలు.
ప్రతి మంగళవారమూ. ఒకటిన్నర డిగ్రీ."

నోటుపుస్తకం తీశాను.
సోమవారం రాత్రి ట్యాంకు కడుగుతాం.
వేలితో వరసలు దిగుతూ వెళ్లాను,
భుజంమీదుగా ఎనిమిదిమంది ఊపిర్లు.
ముప్ఫై ఎనిమిదిన్నర.
ముప్ఫై ఎనిమిదిన్నర.
ముప్ఫై ఎనిమిది, పాయింటు ఆరు.

"పాయింటు ఆరు," అంది హల్బెరా,
చేతితొడుగు పళ్లతో లాగి తీస్తూ.
"ఆ పదోవంతు సంగతి తేల్చుకుందాం. కూర్చో."